నాయన అల్లిన వల

ఎమ్మిగనూరులో మా పాత ఇంటి పైకప్పు మార్పించాలని తమ్ముడు నాగరాజు చాలా కాలంగా అంటున్నాడు. మొన్న పనివాళ్ళు వచ్చే ముందు అటక మీది సామానంతా దింపించి, కర్నూలులో ఉన్న నాకు ఫోన్ చేశాడు. "నువ్వొచ్చి సూసుకో అక్కా. తర్వాత అది యాడ పారేసినావు, ఇది యాడ పారేసినావు అని నా మీద అరుస్తావు" అన్నాడు. వాడన్నది అబద్ధమేం కాదు. బడిపంతులమ్మగా ఇన్నేళ్ళు అరిచి అరిచి రిటైరైనదాన్ని, మెల్లగా మాట్లాడాలని ఎంత అనుకున్నా నా వల్ల కాదు. వెళ్ళి చూస్తే పంచలో ఓ మూల నూలు చుట్టే విరిగిన కండెలు, చిల్లుపడిన గంజి బాన, ఎలుకలు సగం కొరికేసిన నాయన కుంచె. కుంచె అంటే రంగులు వేసేది కాదు. మగ్గానికి ఎక్కించే పడుగు నూలుకు గంజి పట్టించాక, పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా దువ్వే పెద్ద బ్రష్షు. ఇద్దరు చెరో కొస పట్టుకుంటే గానీ కదలదు. దాని పక్కనే పాత తువ్వాలులో చుట్టిన మూట ఒకటి ఉంది.

నాగరాజు మూట విప్పి, లోపలున్నదాన్ని వేలికి తగిలించి పైకెత్తాడు. తెల్లనూలుతో ముడులేసి అల్లింది, ఇప్పుడు పసుపురంగుకు తిరిగింది. "ఇదేం సంచి అక్కా, పట్టుకునేకి పిడులు కూడా లేవు" అన్నాడు. నేను దాన్ని వాడి చేతిలోంచి లాక్కుని అరుగు మీద కూలబడి నవ్వాను. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. మరదలు భయపడి మంచినీళ్ళు తెచ్చింది. అది సంచి కాదు, బాస్కెట్‌బాల్ వల. మా నాయన అల్లింది. బంతి పైనుంచి లోపలికి పోతుంది, కిందికి మాత్రం రాదు. అలాంటి వల ఇంకెక్కడా ఉండదని నేను రాసిస్తాను.

నెల కిందట నూర్జహాన్‌కు ఆదోనిలో మోకాలి ఆపరేషన్ అయింది. నూర్జహాన్ మా కాలేజీ టీమ్ కెప్టెన్. ఆపరేషన్ తర్వాత ఫోన్‌లో మాట్లాడితే గొంతు పీలగా వినిపించింది, మళ్ళీ నడుస్తానో లేదో అంది. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. చూడటానికి పోవాలనీ ఉంది, పోతే మంచం మీద చూడాల్సి వస్తుందేమోననీ భయం. ఇవాళ, రేపు అంటూ వాయిదా వేస్తూ వచ్చాను. వల చేతికి దొరికాక ఇక ఆగలేకపోయాను. దాన్ని చేతిసంచిలో పెట్టుకుని మర్నాడు పొద్దున్నే ఆదోని బస్సెక్కాను. కాలేజీ రోజుల్లో పొద్దునా సాయంత్రం తిరిగిన దారి అది. కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, టీమ్‌లో ఆడిన ఆ ఏడంతా దానంతటదే వెనక్కి వస్తుంది.

మాది మగ్గం ఇల్లు. ముందు గదిలో గుంత మగ్గం, గుంతలోకి కాళ్ళు దింపుకుని నాయన. పొద్దున లేచింది మొదలు ఆ చప్పుడు వింటూ పెరిగాం కాబట్టి, అది ఉన్నప్పుడు మాకు వినిపించేది కాదు, ఆగినప్పుడే తెలిసేది. మగ్గం కాస్త ఆగితే పొయ్యి దగ్గర్నుంచి మా అవ్వ "ఏమైందప్పా?" అని కేకేసేది. అవ్వ అంటే నాయన తల్లి. జొన్నపిండితో గంజి కాచడం ఆమె పని, ఆ పని ఇంకెవర్నీ ముట్టనిచ్చేది కాదు. ముందురోజే కాచి మూతపెట్టి, తెల్లవారాక వేలితో తీసి నాలుక కొసకు తగిలించి చూసేది. పులుపు సరిగ్గా ఉంటే ఏమీ అనేది కాదు. సరిగ్గా లేకపోతే అందర్నీ తిట్టేది, పిల్లిని కూడా వదిలేది కాదు. ఇల్లంతా పులిసిన గంజి వాసన, తడినూలు వాసన, కుంచెకు రాసే వేరుశనగ నూనె వాసన. కాలేజీలో చేరిన కొత్తలో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు ఎగబీల్చి ఏదో వాసన వస్తోందంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు ఆ వాసన ఎక్కడైనా దొరికితే బాగుండునని ఉంటుంది. మొన్న అటక మీంచి దింపిన బానలో తల పెట్టి మరీ చూశాను, దుమ్ము వాసన తప్ప ఏమీ లేదు.

పడుగుకు గంజి పెట్టేది వీధిలోనే. ఇంట్లో అంత చోటు ఎక్కడిది? నూలంతా మా గడప దగ్గర్నుంచి వీధి మలుపు దాకా, కత్తెరలా కట్టిన కర్రల మీద చాపేవాళ్ళు. పొద్దు పొడవకముందే మొదలుపెట్టాలి. గంజి పట్టించాలి, ఆరేలోపల దువ్వాలి, అంటుకున్న పోగులు విడదీయాలి, తెగినవి ముడేయాలి. ఎండ ముదిరితే నూలు పెళుసెక్కి పుటుక్కుమంటుంది. ఎండ అసలు రాకపోతే గంజి ఆరక పోగులన్నీ ముద్దకట్టుకుంటాయి. ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో చేతులు తీసే వీల్లేదు, నడుము పట్టేసినా, ఇంటికి చుట్టాలొచ్చినా. ఒక ఏడు అమ్మకు జ్వరమొచ్చి మనిషి తక్కువైతే సగం పడుగు పాడైపోయింది, మగ్గం చాలా రోజులు ఊరికే నిలబడింది. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అవ్వ కూడా తిట్టలేదు. అంతకంటే భయమేసే సంగతి నా చిన్నప్పుడు ఇంకోటి లేదు.

మా వీధిలో కాలేజీకి పోయిన మొదటి ఆడపిల్లను నేనే. పేరు ఉరుకుందమ్మ. ఆదోని కాలేజీలో క్లాసు తలుపు పైగడియ స్టూలు లేకుండా తీయగలిగిన పిల్లను కూడా నేనొక్కదాన్నే. అది ఒకరోజు పీడీ సార్ కంటపడింది. పిల్లలకు ఆటలు నేర్పే ఆయన్ను అందరం పీడీ సార్ అనేవాళ్ళం, అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. మర్నాడే నన్ను గ్రౌండుకు రమ్మన్నాడు. గ్రౌండంటే మట్టి నేల, రెండు కొసల్లో స్తంభాలకు బిగించిన, వల వేలాడే రెండు చెక్కలు, గోడకు అవతల పత్తి మిల్లులు. గాలి తిరిగితే దూదిపింజలు ఎగిరొచ్చి చెమట మొహాలకు అతుక్కునేవి. నాకు ఆట ఏం తెలుసు? చెక్క కింద నిలబడి, తిరిగొచ్చిన బంతిని పట్టుకుని మళ్ళీ పైకి వేయమన్నాడు, అదే చేశాను. ఆడేటప్పుడు ఆయన పక్కనుంచి "ఉరుకు, ఉరుకు" అని అరిస్తే, పరుగెత్తమంటున్నాడో నన్ను పిలుస్తున్నాడో తెలియక చూసేవాళ్ళు నవ్వేవాళ్ళు.

టీమ్‌లో చేరతానని ఇంట్లో చెప్పడానికి నాలో నేనే చాలాసార్లు వల్లె వేసుకున్నాను. నాయన నేసే చెయ్యి ఆపకుండానే విన్నాడు. తర్వాత మగ్గం ఆపాడు. అవ్వ "ఏమైందప్పా?" అని కేకేసింది. నాయన నా వైపు చూసి, "పోతే పో. కానీ పడుగు ఈదిలో ఏసిన దినం నువ్వు ఇంట్లో ఉండాల. ఆ దినం బంతి అని పోయినావంటే, కాలేజీ కూడా ఆ దినంతోనే సరి" అన్నాడు. నేను తల ఊపాను. నాయన ఎప్పుడూ బంతి అనే అనేవాడు. ఆట అనే మాట ఆయన నోట నేను వినలేదు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. అన్నమాట అన్నట్టే జరుగుతుందని ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

అంతకుముందు దాకా మా కాలేజీ ఆడపిల్లల టీమ్ ఎక్కడికి పోయినా మొదటిరోజు సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేసేదట. పీడీ సార్ కూడా, పోయి బిస్కెట్లు తిని వద్దాం పదండమ్మా అనేవాడట. ఆ ఏడు ఏమైందో ఏమో, అన్నీ కలిసొచ్చాయి. నూర్జహాన్ పొట్టిది, కానీ చేతుల్లోంచి బంతి ఎటు పోతుందో ఎదుటివాళ్ళకు అంతుపట్టేది కాదు. వసుధ అని మంత్రాలయం దగ్గర పూజారుల ఇంటి పిల్ల, మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేది. మాట్లాడితే పక్కవాళ్ళకు వినపడదు, పరుగెడితే పట్టుకోలేం. వాళ్ళిద్దరి మధ్య బంతి మగ్గం మీద నాడెలా అటూ ఇటూ పోయేది, చివరికి నా దగ్గరికి వచ్చేది. నంద్యాలలో గెలిచాం. అనంతపురం పోయి గెలిచాం. తిరుగు బస్సులో గొంతులు పోయేదాకా అరిచాం. ఆదోనిలో మిల్లు షిఫ్టు దిగిన వాళ్ళు సాయంత్రాలు మా గ్రౌండు గోడెక్కి కూర్చోవడం మొదలుపెట్టారు. బజారులో ఉగ్గాని అమ్మే ఆమె మాకు ఒక బజ్జీ ఎక్కువ వేసేది. నేను ఇంటికి పోయి గెలిచామని చెబితే నాయన ఊఁ అనేవాడు, అమ్మ సంతోషపడేది. నా అదృష్టం, పడుగు ఉన్న రోజూ ఆట ఉన్న రోజూ ఎప్పుడూ కలవలేదు.

ఫైనల్ మా ఆదోనిలోనే పెట్టారు, కర్నూలు నుంచి వచ్చే పెద్ద కాలేజీ టీమ్‌తో. దానికి ముందు ముసురు పట్టింది. మా మెట్ట ఊళ్ళల్లో వాన పడితే పండగే గానీ, ఆ వారం మా వీధికి మాత్రం ప్రాణసంకటం. పడుగు సిద్ధం చేసి పెట్టుకున్నారు, ఎండ లేదు. మగ్గం మీద ఉన్న చీరలు నేయడం అయిపోయి చప్పుడు ఆగిపోయింది. అవ్వ గంజి కాచడం, పులుపు ముదిరిపోయిందని గేదెకు పోయడం, మళ్ళీ కాచడం. వీధిలో ఏ ఇంట్లో చూసినా ఇదే. చివరికి మబ్బు విడిపోయింది, ఎర్రటి పొద్దు కనిపించింది. రేపు పడుగు వేస్తున్నామని నాయన అన్నాడు. ఆ రేపే ఫైనల్ అని ఇంట్లో అందరికీ తెలుసు. పోనీ పక్కింటివాళ్ళను సాయం అడుగుదామంటే, వీధి మొత్తం ఆ రేపటి కోసమే కాచుకుని ఉంది. ఎవరి పడుగు వాళ్ళది.

ఈ సంగతి తెలిసేటప్పటికి నేను కాలేజీకి బయలుదేరుతున్నాను. నాయన్ను అడగలేదు. అడిగి కాదనిపించుకుంటే, ఆ మాట ఇంకా గట్టిపడుతుంది. నూర్జహాన్ వాళ్ళ నాన్నకు ఆదోని బస్టాండు ఎదురుగా దర్జీ కొట్టు ఉండేది. రోజూ సాయంత్రం బస్సు వచ్చేదాకా నేను అక్కడే కూర్చునేదాన్ని. ఆ సాయంత్రం కొట్టు బల్ల మీద కూర్చుని, రేపు నేను రాను, నా జాగాలో ఇంకొకర్ని పెట్టుకోండి అని చెప్పాను. నూర్జహాన్ తిడుతుందనుకున్నాను. బొత్తాల డబ్బాలో వేళ్ళు పెట్టి కలుపుతూ కూర్చుంది. బస్సులో ఎమ్మిగనూరు దాకా ఏడ్చాను. ఎవరి మీద ఏడవాలో కూడా తెలియలేదు. నాయన అన్నది న్యాయమే, నేను ఒప్పుకున్నదే. ఇంటికి వచ్చేసరికి ముఖం కడుక్కుని గంజి బాన దగ్గర అవ్వకు సాయం కూర్చున్నాను. నాయన నన్ను కాసేపు చూసి, ఆకాశం ఎట్లుందో చూసి వస్తానని తువ్వాలు భుజాన వేసుకుని వీధిలోకి పోయాడు. మన ఇంటి మీద ఆకాశం లేదా అని అవ్వ గొణిగింది.

తెల్లవారుతుండగా పడుగు వీధిలో చాపాం. నేను, అమ్మ, నాయన, అవ్వ. కుక్కలు రాకుండా నాగరాజును కర్రతో కూర్చోబెట్టారు, వాడు కూర్చునే నిద్రపోయాడు. అవ్వ ఆ పూట ఎందుకో దండిగా జొన్నరొట్టెలు తట్టింది. పని ఎక్కువ కదా, ఆకలి ఎక్కువవుతుందని కాబోలు అనుకున్నాను. కర్రలు నిలబెట్టి గంజి పట్టించడం మొదలుపెట్టామో లేదో, వీధి మొదట్లో నవ్వులు వినిపించాయి. తల తిప్పి చూస్తే నూర్జహాన్, వెనక వసుధ, మా టీమ్ పిల్లలు ఇంకో ముగ్గురు, వాళ్ళ వెనక మెడలో విజిల్‌తో పీడీ సార్. ఆదోని నుంచి మొదటి బస్సుకు వచ్చారు. నాయన ముఖం చూడటానికి భయమేసింది. ఇంతమంది వచ్చి వీధిలో నిలబడితే ఆయనేమంటాడు? నాయన ఒక్కసారి వాళ్ళందరి వైపు చూసి, కుంచె రెండో కొస నూర్జహాన్ చేతికిచ్చాడు. "ఎత్తకు పాపా, నూలు మీదనే ఉండనీ. నాతో సమానంగా నడువు" అన్నాడు. అంతే.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పీడీ సార్ అవతలి వైపుకు పోవాలని, చాపిన పడుగు మీదుగా కాలెత్తి దాటబోయాడు. పడుగును దాటడమంటే అన్నం ఉన్న కంచాన్ని దాటినట్టే మాకు. అవ్వ వేసిన కేకకు ఆయన ఒంటికాలి మీద నిలబడిపోయాడు. వీధి కొసదాకా నడిపించి, చుట్టూ తిప్పి అవతలికి పంపింది. కాలేజీలో మమ్మల్ని గ్రౌండు చుట్టూ పరుగెత్తించే మనిషి, కిక్కురుమనకుండా చెప్పులు చేతబట్టుకుని నడిచాడు. వసుధ సన్నటి వేళ్ళతో తెగిన పోగులు ముడేస్తుంటే అమ్మ పక్కన నిలబడి చూసి మెచ్చుకుంది. ఆ పిల్ల బయట వండింది తినదని తెలిసి, అవ్వ పచ్చి వేరుశనక్కాయలు ఒలిచి బెల్లంముక్కతో ఇచ్చింది. మిగతావాళ్ళు రొట్టెలు ఊడ్చిపెట్టారు. నాయనా నూర్జహానూ కుంచె పట్టుకుని ఆ కొసకూ ఈ కొసకూ నడుస్తూనే ఉన్నారు. కాసేపటికి ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నట్టు అనిపించింది గానీ, నేను ఉన్న చోటికి వినిపించలేదు. ఎండ పదునుగా వచ్చింది, గంజి ఆరింది, పోగులు దువ్విన జుట్టులా విడిపోయాయి. నాయన వేలితో మీటి చూసి, చుట్టండి అన్నాడు. పడుగు చుట్టి లోపల పెట్టాక నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు ఆయన నా వైపు తిరిగి, "ఇంకా యాల నిలబడినావు? బస్సు పోతాది" అన్నాడు.

ఫైనల్ గురించి అందరూ అడుగుతారు గానీ నిజం చెప్పాలంటే నాకు దాంట్లో గుండె కొట్టుకున్న ఘట్టం ఏదీ లేదు. అది పొద్దున వీధిలోనే అయిపోయింది. ఒళ్ళు తేలిగ్గా ఉంది, వేళ్ళ సందుల్లో ఇంకా గంజి జిగురుంది, బంతి చేతికి వచ్చింది వచ్చినట్టు నిలిచింది. కర్నూలు పిల్లలు మంచి బూట్లు వేసుకుని వచ్చారు, బాగానే ఆడారు పాపం. మేం గెలిచాం. ఇది అవ్వ గంజి మహిమ అని పీడీ సార్ చాలా రోజులు చెప్పుకున్నాడు. సగం ఆటలో చెక్క కింద నుంచి చూస్తే, మిల్లువాళ్ళ మధ్య తలకు తువ్వాలు చుట్టుకుని నాయన కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. అందరూ బంతిని చూస్తుంటే ఆయన పైకి, ఆ ఇనప చట్రానికి వేలాడే వలను చూస్తున్నాడు. ఆట అయ్యాక అందరూ మమ్మల్ని ఎత్తి గంతులేస్తుంటే నా దగ్గరికి వచ్చి, ఆ వల తెగి వేలాడుతోంది, దాన్ని చూసే దిక్కే లేదా అని అడిగాడు. తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

కొన్నాళ్ళకు నాయన తెల్లనూలు మెలిపెట్టి కొత్త వల అల్లాడు. మగ్గం దిగాక సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, ముడి తర్వాత ముడి. నేసేవాడి చెయ్యి కదా, సందు కనిపిస్తే ఊరుకోదు. దగ్గరదగ్గరగా, కింది వరుసకు పోయేకొద్దీ ఇంకా ఇరుకుగా అల్లాడు. తనే ఆదోనికి తెచ్చాడు. పీడీ సార్ నిచ్చెనేసుకుని కట్టాడు. నూర్జహాన్ మొదటి బంతి వేసింది. బంతి పోయి లోపల కూర్చుంది. రాలేదు. పీడీ సార్ కర్రతో కిందినుంచి పొడిచి పైకి తోసేదాకా అది అక్కడే ఉంది. నాయన నొచ్చుకుంటాడేమోనని ఆయన వైపు చూశాను. కానీ ఆయన తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని, ఇక ఆపుకోలేక తువ్వాలు తీసేసి నవ్వాడు. నాయన అట్లా నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. సందులు వదిలి ఇంకొకటి అల్లి ఇచ్చాడు, నేను కాలేజీ వదిలేదాకా అదే వేలాడింది. మొదటిదాన్ని ఇంటికి తీసుకుపోయాడు. పారేశాడనే అనుకున్నాను.

ఇంత సంతోషంలోనూ నాకు ఒక ముల్లు మిగిలిపోయింది. ఎదురింటి తిక్కయ్య మామ ఆ తర్వాత చాలా ఏళ్ళు నాయన్ను ఏడిపించేవాడు. పడుగు వేసిన ప్రతిసారీ, ఏం రంగన్నా, నీ టీమ్ రాలేదా, ఆడపిల్లలు గుంపుగా వచ్చి నిలబడేసరికి నీ షరతు గాలికి పోయిందే అనేవాడు. నాయన తల దించుకుని పని చేసుకునేవాడు. నాయన తన ఇష్టంతో నన్ను పంపలేదనీ, నా స్నేహితులు వీధిలో పదిమంది ముందు ఆయన నోరు కట్టేశారనీ, నా ఆట కోసం ఆయన మాట పోయిందనీ నాకు గట్టిగా నాటుకుపోయింది. ఆయన్ను అడిగే ధైర్యం చేయలేదు. ఆయన పోయాక ఇక అడగడానికి ఎవరూ లేరు. తర్వాత నేను టీచర్నై, ఆడపిల్లల్ని ఆటలకు పంపమని తల్లిదండ్రుల్ని బతిమిలాడిన ప్రతిసారీ, తల దించుకున్న నాయనే కళ్ళ ముందుకు వచ్చేవాడు.

ఆదోనిలో దిగి నూర్జహాన్ ఇంటి తలుపు తట్టాను. లోపలినుంచి వస్తున్నా, వస్తున్నా అని కేక, ఆ తర్వాత టక్కుటక్కుమని చేతికర్ర చప్పుడు. తలుపు తనే తీసింది. నడుస్తోంది. నేను అక్కడే గుమ్మంలో నిలబడి దాన్ని తిట్టాను, ఫోన్‌లో చావు గొంతుతో మాట్లాడి ఇన్ని రోజులు నా ప్రాణం తోడేసినందుకు. అది నవ్వుతూ నిలబడింది. లోపల కూర్చుని టీ తాగుతూ వల తీసి దాని ఒళ్ళో వేశాను. చూసీ చూడగానే గుర్తుపట్టింది. పిడికిలి వల లోపల పెట్టి, కింది ముడుల దగ్గర ఇరుక్కుంటే పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత వలను మోకాలి మీద పరిచి సర్దుతూ, "మీ నాయన సానా మంచోడు ఉరుకుందా. ఆ దినం కబురు పంపకపోయింటే మనం యాడ గెలుస్తుంటిమి" అంది.

ఏం కబురని అడిగాను. అది నా ముఖం చూసి టీ గ్లాసు కింద పెట్టింది. నీకు తెలుసనే అనుకున్నానే ఇన్నేళ్ళూ అంది. నేను బల్ల మీద కూర్చుని ఏడుపు ముఖంతో చెప్పిపోయిన రోజు రాత్రే, ఎమ్మిగనూరు నుంచి తిరిగి వచ్చిన బస్సు కండక్టరు వాళ్ళ నాన్న కొట్టు దగ్గరికి వచ్చాడట. నాయన ఎమ్మిగనూరు బస్టాండులో ఆయన్ను పట్టుకుని కబురు చెప్పి పంపాడు. ఆకాశం చూసి రావడానికని పోయింది అక్కడికే. ఆ కబురు నూర్జహాన్ కండక్టరు చెప్పినట్టే మళ్ళీ చెప్పింది. "మా పాపకు రేపు ఆట ఉంది. నాకేమో పడుగు ఉంది. సేతులు తక్కువైనాయి. మీ పిల్లోళ్ళు మొదటి బస్సుకు వస్తే రెండూ అయితాయి. నేను పిలిచినానని పాపకు మాత్రం సెప్పొద్దు." వాళ్ళ నాన్న అప్పటికప్పుడు సైకిలెక్కి పీడీ సార్ ఇంటికి పోయాడట. అందర్నీ పోగుచేసి, పొద్దున బస్సెక్కించింది పీడీ సారే.

ఎందుకు చెప్పొద్దన్నాడు అని అడిగాను. కుంచె పట్టుకుని నడుస్తూ అదే మాట తనూ అడిగిందట నూర్జహాన్. షరతు పెట్టింది నేను కదా పాపా, నేనే తప్పితే రేపట్నుంచి ఇంట్లో నా మాట ఎవరు వింటారు అన్నాడట నాయన. అవ్వ ఆ పూట అన్ని రొట్టెలు ఎందుకు తట్టిందో నాకప్పుడు తెలిసింది. తిక్కయ్య మామ ఏడిపించినప్పుడల్లా నాయన తల ఎందుకు దించుకునేవాడో కూడా తెలిసింది. సిగ్గుతో కాదు, నవ్వు కనపడకుండా. ఇన్నేళ్ళూ ఆ మనిషిని ఓడిపోయినవాడిగా చూసుకుంటూ బాధపడ్డాను, ఆయనేమో గెలిచి కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నూర్జహాన్ తన చున్నీ కొస ఇచ్చింది. వలను మాత్రం తిరిగి ఇవ్వలేదు, కొన్నాళ్ళు తన దగ్గర ఉండనీమంది. మోకాలు కుదురుకున్నాక తనే ఎమ్మిగనూరు తెచ్చిస్తానంది. సరేనన్నాను.

వచ్చేటప్పుడు బస్సులో కండక్టరు చిన్నవాడు, చేతిలో టికెట్ల మిషను. ఇప్పుడు మీ చేత కబుర్లు ఎవరైనా పంపుతారా బాబూ అని అడిగాను. "ఫోన్లుండాయి గదమ్మా" అని వింతగా చూశాడు. నిజమే. ఇప్పుడైతే నాయన నూర్జహాన్‌కు ఫోన్ చేసేవాడు, సాయంత్రానికల్లా నాకు తెలిసిపోయేది, నేను ఆ బస్సులో అంత ఏడ్చి ఉండేదాన్ని కాదు. మా వీధిలో ఇప్పుడు పడుగు చాపేవాళ్ళు కూడా లేరు, గంజి పెట్టిన నూలే మిల్లుల నుంచి వస్తుంది, సిమెంటు రోడ్డు మీద మోటారు సైకిళ్ళు దూసుకుపోతాయి. మా రోజులే మంచివని నేను అనను. నడుములు విరిగిన రోజులవి. పొలాల మధ్య నుంచి బస్సు పోతోంది. మా పాపకు రేపు ఆట ఉంది. బస్టాండులో, వచ్చేపోయే పదిమంది మధ్య నిలబడి, ముక్కూ ముఖం తెలియని కండక్టరుతో నాయన బంతి అనలేదు, ఆట అన్నాడు. ఎమ్మిగనూరు వచ్చేదాకా దాన్నే లోపల్లోపల అనుకుంటూ కూర్చున్నాను. దిగగానే, ఇంటికి పోయేదాకా ఆగలేక, నాగరాజుకు ఫోన్ చేసి, ఆ కుంచె పారేసినావంటే చంపుతానని అరిచాను.